కలీలా, దిమ్నా: ఒక ఫారసీ పుట చెప్పే చరిత్ర

ఫారసీ రాతప్రతులను ప్రదర్శించే మ్యూజియంలలో సందర్శకుల చూపు సహజంగా బొమ్మల మీదికే పోతుంది. సింహం, ఎద్దు, నక్క, కాకి, తాబేలు రంగురంగుల్లో కనిపించే పుటల ముందు జనం ఆగుతారు. బొమ్మలేవీ లేకుండా రాత మాత్రమే ఉన్న పుట పక్కనే ఉన్నా దానిని దాటిపోతారు. ఈ వ్యాసంలో మేము ఆ రెండో రకం పుటనే పరిశీలనకు తీసుకుంటున్నాం. బొమ్మ కథలోని ఒక్క ఘట్టాన్ని చూపి ఊరుకుంటుంది. రాతను చదివితే ఆ కథ ఎన్ని చేతులు మారి, ఎన్ని భాషలు దాటి అక్కడికి చేరిందో తెలుస్తుంది. ఆ చేతుల్లో బౌద్ధుల చేతులూ ఉన్నాయి. అవి ఎక్కడ ఉన్నాయి, ఏ మేరకు ఉన్నాయి అన్నది నిదానంగా తేల్చుకోవలసిన విషయం.

పుట స్వరూపం

మేము ప్రస్తావిస్తున్నది ‘అన్వారె సుహైలీ’ అనే గ్రంథపు ప్రతులను. క్రీ.శ. 15వ శతాబ్ది చివరిభాగంలో, నేటి ఆఫ్ఘనిస్తాన్‌లోని హెరాత్ నగరంలో హుసేన్ వాయిజ్ కాషిఫీ అనే పండితుడు దీనిని రచించాడు. ‘సుహైల్ నక్షత్ర కాంతులు’ అని ఆ పేరుకు అర్థం. అరబ్బులు సుహైల్ అనే నక్షత్రాన్నే మనం అగస్త్య నక్షత్రం అంటాం. గ్రంథాన్ని అంకితం పుచ్చుకొన్న అమీరు పేరు కూడా సుహైలీయే కనుక అందులో ఒక శ్లేష ఉంది. మొగలు చక్రవర్తులు ఈ గ్రంథాన్ని ఎంతో ఆదరించారు. అక్బరు కాలంలో, 1570లో రాసిన ప్రతి నేడు లండన్‌లోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల విద్యాసంస్థలో ఉంది. లాహోరులో 1596-97లో సిద్ధమైన మరో ప్రతి వారణాసిలోని భారత కళాభవన్‌కు చేరింది. జహంగీరుకు చెందిన ప్రతి బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

ఇటువంటి ప్రతిలో ఒక్క పుట తయారు కావడానికి చాలా శ్రమ పట్టేది. కాగితానికి గంజి పట్టించి, నున్నటి రాతితో రుద్ది మెరుగు పెట్టేవారు. దారాలు బిగించిన పలకను కాగితం కింద ఉంచి అదిమితే, సిరా గీత అవసరం లేకుండానే పంక్తుల జాడలు పడేవి. దీపపు మసికి జిగురు కలిపి సిరా చేసేవారు. రెల్లు కలం కొసను ఏటవాలుగా చెక్కి రాసేవారు. 14వ శతాబ్దిలో ఇరాన్‌లో రూపుదిద్దుకొన్న ‘నస్తాలీఖ్’ అనే లిపిలో అక్షరాలు కుడి నుండి ఎడమకు సాగుతూ కొద్దిగా కిందికి వాలుతాయి. రాత చుట్టూ బంగారు, నీలి, ఎర్ర గీతల చట్రం ఉంటుంది. వచనం నడుమ పద్యం వచ్చినప్పుడు దాని పాదాలను ఎదురెదురుగా రెండు వరుసల్లో నిలుపుతారు. కొన్ని ప్రతుల్లో పుట అడుగున, చట్రానికి వెలుపల, తరువాతి పత్రం మొదటి మాట విడిగా కనిపిస్తుంది. పత్రాలను కుట్టేవాడు వరుస తప్పకుండా ఉండటానికి లేఖకుడు చేసిన ఏర్పాటు అది.

‘ఐనె అక్బరీ’లో అబుల్ ఫజల్ లిపికళను, చిత్రకళను ఒకే ప్రకరణంలో చర్చించాడు, ముందు స్థానం రాతకే ఇచ్చాడు. ఆ కాలపు దృష్టిలో లేఖకుడు చిత్రకారుడి కంటే తక్కువవాడు కాడు. తరువాతి కాలంలో వర్తకులు ఎన్నో ఫారసీ ప్రతులను విడదీసి పత్రాలను ఒక్కొక్కటిగా అమ్మారు. బొమ్మ ఉన్న పత్రానికి ఎక్కువ ధర పలికింది. రాత మాత్రమే ఉన్న పత్రం తన గ్రంథం నుండి వేరుపడి, ముందు వెనుకల కథ తెలియని ఒంటరి కాగితంగా మిగిలింది. అమరావతి స్తూపపు శిలాఫలకాలు చెన్నై, లండన్ మ్యూజియంలకు చెదిరిపోయిన సంగతి తెలిసిన మనకు ఇటువంటి నష్టం ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు.

పుట వెనుక ఉన్న పుటలు

కాషిఫీ ఈ కథలను స్వయంగా కల్పించలేదు. 12వ శతాబ్ది మధ్యకాలంలో ఘజ్నీ ఆస్థానంలో నస్రుల్లా మున్షీ ఫారసీ వచనంలో రచించిన ‘కలీలా వ దిమ్నా’ను ఆయన తన కాలపు అభిరుచికి తగినట్లు తిరగరాశాడు. నస్రుల్లా ఆధారం అరబ్బీ గ్రంథం. దానిని క్రీ.శ. 750 ప్రాంతంలో ఇబ్న్ అల్ ముఖఫ్ఫా రచించాడు. ఆయనకు ఆధారం సస్సానీయ ఇరాన్ నాటి పహ్లవీ అనువాదం. ఖుస్రో అనూషిర్వాన్ (క్రీ.శ. 531–579) ఆస్థానంలోని బుర్జూయ అనే వైద్యుడు భారతదేశం నుండి ఈ కథలను తెచ్చి పహ్లవీలోకి మార్చాడు. ఆ పహ్లవీ గ్రంథం నశించింది. క్రీ.శ. 570 ప్రాంతంలో దాని నుండి జరిగిన సిరియాక్ అనువాదం మాత్రం మిగిలి, ఈ పరంపరకు సాక్ష్యంగా నిలిచింది.

కలీలా, దిమ్నా అన్న పేర్లు తెలుగు పాఠకులకు కొత్తగా తోచవచ్చు గాని ఆ నక్కలు మనకు చిరపరిచితమైనవే. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ చదివినవారు వాటిని కరటక దమనకులుగా ఎరుగుదురు. కరటకుడు కలీలా అయ్యాడు, దమనకుడు దిమ్నా అయ్యాడు. సంజీవకుడనే ఎద్దు షంజబా అయింది. శబ్దం అరిగినా పాత్ర చెరగలేదు.

ఈ పరంపరలో బౌద్ధులు ప్రత్యేకంగా గమనించవలసిన ఒక వంశం ఉంది. బాగ్దాదు ఖలీఫాల వద్ద మంత్రులుగా వెలుగొందిన బర్మకీయులు బల్ఖ్ నగరంలోని ‘నౌబహార్’ నుండి వచ్చినవారు. ఆ పేరు ‘నవవిహార’ శబ్దానికి రూపాంతరం. బర్మకీయుల పూర్వీకులు ఆ బౌద్ధ విహారానికి వంశపారంపర్య అధిపతులు. ఇస్లాం స్వీకరించిన తరువాత ఆ కుటుంబం భారతీయ శాస్త్రగ్రంథాల అనువాదాలను ప్రోత్సహించింది. అబాన్ అల్ లాహికీ అనే కవి ‘కలీలా వ దిమ్నా’ను అరబ్బీ పద్యాల్లోకి మార్చింది కూడా బర్మకీయుల కోసమే. విహారం పోయింది, మతం మారింది, అయినా తూర్పుదేశపు విద్యల పట్ల ఆ ఇంటి ఆదరం నిలిచింది.

కథలు ఇల్లు చేరిన ఘట్టం కూడా చరిత్రలో ఉంది. అక్బరు ఆజ్ఞపై అబుల్ ఫజల్ 1588లో కాషిఫీ గ్రంథాన్ని సరళమైన ఫారసీలో ‘ఇయారె దానిష్’ పేరుతో తిరగరాశాడు. అదే ఆస్థానంలో ముస్తఫా ఖాలిక్‌దాద్ అబ్బాసీ సంస్కృతం నుండి నేరుగా ‘పంచాఖ్యానం’ అనువదించాడు. ఆయన ఆధారం జైనముని పూర్ణభద్రుడు 1199లో కూర్చిన పాఠం. వెయ్యేళ్ల కింద పడమటికి వెళ్లిన కథ, జైనుల వద్ద నిలిచిన కథ, రెండూ ఒకే గ్రంథాలయంలో కలుసుకొన్నాయి.

జాతకాలతో సంబంధం

మన సభల్లో ఒక మాట తరచుగా వినిపిస్తుంది: పంచతంత్రం జాతకాల నుండి తీసుకొన్నదేనని, దానిని ఇతరులు తమదిగా చేసుకొన్నారని. ఈ మాటకు ఒక పండిత చరిత్ర ఉంది. జర్మన్ పండితుడు థియొడోర్ బెన్‌ఫీ 1859లో పంచతంత్రానువాదం ప్రకటిస్తూ, దాని మూలాలు ప్రధానంగా బౌద్ధమైనవని వాదించాడు. తరువాత హెర్టెల్, ఎడ్గర్టన్ వంటివారు పాఠాలను పోల్చి చూసి ఆ అభిప్రాయాన్ని అంగీకరించలేదు. వారి పరిశోధన ప్రకారం, పంచతంత్రంగా కూర్పు పొందిన గ్రంథం రాజనీతిని బోధించడానికి ఒక బ్రాహ్మణ పండితుడు రచించినది.

కాని కూర్పు వేరు, కథలు వేరు. ఆకాశంలో ఎగురుతూ నోరు విప్పి నేలరాలిన తాబేలు కథ కచ్ఛప జాతకంలో ఉంది. చేపలను మోసగించిన కొంగ, దాని మెడ తుంచిన ఎండ్రకాయ కథ బక జాతకంలో ఉంది. కోతి, మొసలి కథ సుంసుమార జాతకంలో ఉంది. ఇవన్నీ ‘కలీలా వ దిమ్నా’ వంశంలోనూ కనిపిస్తాయి. వీటిలో ఏది ముందు అన్న ప్రశ్న వచ్చినప్పుడు తొందరపడరాదు. పాలి త్రిపిటకంలో జాతక గాథలే ఉన్నాయి. కథాభాగమైన వచనం మన వద్ద ఉన్న రూపంలో క్రీ.శ. 5వ శతాబ్ది ప్రాంతపు సింహళ అట్ఠకథలకు చెందినది. కేవలం గ్రంథపాఠాన్ని పట్టుకొని, జాతకమంతా పంచతంత్రానికి ముందే ఉందని చెప్పలేం.

రాయి ఇచ్చే సాక్ష్యం ఇంతకంటే గట్టిది. కన్నింగ్‌హామ్ 1873లో వెలికితీసిన భార్హుత్ స్తూప ప్రాకారం క్రీ.పూ. 2వ శతాబ్దికి చెందినది. నేడు దాని అధికభాగం కోల్‌కతాలోని ఇండియన్ మ్యూజియంలో ఉంది. అందులోని శిల్పాలకు బ్రాహ్మీ లిపిలో పేర్లు చెక్కి ఉన్నాయి. ‘లటువ జాతకం’ అన్న పేరుతో ఉన్న శిల్పంలో, తన పిల్లలను తొక్కి చంపిన ఏనుగుపై ఒక చిన్న పిట్ట కాకి, ఈగ, కప్పల సాయంతో పగ తీర్చుకొన్న కథ ఉంది. ఇటువంటిదే పిచ్చుక, ఏనుగుల కథ పంచతంత్రపు కొన్ని పాఠాల్లో కనిపిస్తుంది. అంటే బౌద్ధ ఉపాసకులు ఇటువంటి కథలను క్రీస్తుకు పూర్వమే తమవిగా చెప్పుకొంటూ, చెక్కించుకొంటూ ఉన్నారనడానికి శిలాసాక్ష్యం ఉంది. 9వ శతాబ్దిలో జావా ద్వీపంలో కట్టిన మెందుత్ బౌద్ధాలయం మెట్ల పక్క గోడమీద తాబేలును మోసుకుపోతున్న పక్షుల శిల్పం కనిపిస్తుంది. పడమట ఫారసీ కాగితం మీద నిలిచిన కథే తూర్పున జావా రాతి మీదా నిలిచింది.

ఈ సాక్ష్యాల నుండి మేము తేల్చుకొన్నది ఇది. ఈ కథల్లో చాలా భాగం భారతదేశపు సామాన్య ప్రజల నోట పుట్టినవి. పొలాల్లో, బాటల్లో, సార్థవాహుల విడుదుల్లో తిరిగిన వాటిని భిక్షువులు ధర్మబోధకు, నీతిశాస్త్రకారులు రాజబోధకు, జైనమునులు తమ బోధకు స్వీకరించారు. శిలాఫలకాల మీద వాటికి పేరు చెక్కి నిలిపిన తొలివారిలో బౌద్ధులు ఉన్నారు. ఈ గౌరవం చిన్నది కాదు. దీనికి మించిన దానిని సాక్ష్యం లేకుండా కోరితే, ఉన్న గౌరవం కూడా సందేహాస్పదమవుతుంది.

చాడీ కథకు మూడు ముగింపులు

ఒక కథ ఎవరిది అన్న ప్రశ్న కంటే, దానిని ఎవరు ఏ విధంగా ముగించారు అన్న ప్రశ్న మనకు ఎక్కువ నేర్పుతుంది. సింహం, ఎద్దు, నక్క కథనే చూద్దాం.

సంధిభేద జాతకంలో సింహపుపిల్ల, దూడ కలిసి పెరిగి ప్రాణమిత్రులవుతాయి. మాంసం మీద ఆశతో నక్క వాటి మధ్య చాడీలు చెబుతుంది. అవి ఒకదానినొకటి చంపుకొంటాయి. అది చూసిన రాజు, చాడీకోరు మాట కత్తి వంటిదని గ్రహిస్తాడు. ఈ జాతకాన్ని బుద్ధుడు పైశున్యాన్ని, అంటే చాడీని, ఖండించే సందర్భంలో చెప్పినట్లు అట్ఠకథ తెలుపుతుంది. వణ్ణారోహ జాతకంలో ఇటువంటి నక్కే సింహానికి, పులికి మధ్య చిచ్చు పెట్టబోతుంది. అవి ఒకదానినొకటి సూటిగా అడిగి నిజం తెలుసుకొంటాయి. స్నేహం నిలుస్తుంది, నక్క పారిపోతుంది. సమ్యక్ వాక్కులో పిసుణవాచను విడిచిపెట్టాలన్న నియమం ఎందుకుందో ఈ రెండు కథలు పక్కపక్కన చదివితే పిల్లలకు కూడా బోధపడుతుంది.

పంచతంత్రంలో దృష్టి వేరు. అక్కడ దమనకుడి మాటలు నమ్మి పింగళకుడనే సింహం సంజీవకుణ్ణి చంపుతుంది. తరువాత విచారిస్తుంది. దమనకుడు రాజును ఓదార్చి మంత్రిగానే కొనసాగుతాడు. నేరం చేసినవాడికి శిక్ష లేదు. రాజ్యం అలాగే నడుస్తుందని ఆ గ్రంథం చెబుతున్నట్లుంటుంది. ఆస్థానాల తీరు ఎరిగినవాడు రాసిన ముగింపు అది.

ఈ ముగింపు ఇబ్న్ అల్ ముఖఫ్ఫాకు రుచించినట్లు లేదు. భారతీయ పాఠంలో లేని ఒక ప్రకరణం అరబ్బీ గ్రంథంలో కనిపిస్తుంది. దానిలో దిమ్నాపై విచారణ జరుగుతుంది. కలీలా తన తోటి నక్కను మందలిస్తుండగా ఒక చిరుత వింటుంది. ఆ సంగతి సింహం తల్లికి చేరుతుంది. ఆమె పట్టుబట్టి కొడుకు చేత విచారణ జరిపిస్తుంది. దిమ్నా ఎంతో చాతుర్యంతో వాదించుకొంటాడు. రాజు అనుమానం మీద ఎవరినీ చంపరాదన్న న్యాయసూత్రాన్ని కూడా తనకు అనుకూలంగా వాడుకొంటాడు. చివరకు సాక్ష్యాలు నిలుస్తాయి. దిమ్నా చెరలో ప్రాణాలు విడుస్తాడు. నస్రుల్లా, కాషిఫీ ఇద్దరూ ఈ ప్రకరణాన్ని నిలుపుకొన్నారు. లాహోరులో, ఆగ్రాలో లేఖకులు నస్తాలీఖ్ లిపిలో దానిని మళ్లీ మళ్లీ రాశారు.

అల్ బిరూనీ పంచతంత్రం గురించి రాస్తూ, దానిని సంస్కృతం నుండి స్వయంగా అనువదించాలని ఆశించాడు. ఆయనకు ఇబ్న్ అల్ ముఖఫ్ఫా పాఠం మీద పూర్తి నమ్మకం లేదు. పాఠశుద్ధి దృష్టితో ఆ అపనమ్మకం న్యాయమే. ధర్మదృష్టితో చూస్తే మాత్రం, చాడీ చెప్పినవాడు తప్పించుకోరాదన్న పట్టుదలలో ఆ అరబ్బీ రచయిత జాతకాలకే దగ్గరగా ఉన్నాడు. జాతకాలను ఆయన చదివాడనడానికి మాకు ఏ ఆధారమూ కనిపించదు. చదవకుండానే ఆ స్థానానికి చేరాడు. ధర్మం ఒక సంఘం గోడల మధ్యనే పుట్టదనడానికి ఇంతకంటే మంచి దృష్టాంతం అరుదు.

బుర్జూయ ప్రశ్న

ఇబ్న్ అల్ ముఖఫ్ఫా పుట్టుకతో ముస్లిం కాడు. పారశీక కుటుంబంలో రూజ్బిహ్ అన్న పేరుతో పెరిగి, ఆ తరువాత ఇస్లాం స్వీకరించినవాడు. మతం మార్చుకొన్నవారి మీద సమాజం వేసే చూపు ఆయన మీదా పడింది. ఆయన విశ్వాసాన్ని శంకించినవారు ఉన్నారు. బస్రా నగరంలో ఆయన రాజకీయ కారణాల వల్ల దారుణ హత్యకు గురయ్యాడు.

ఆయన గ్రంథం ముందుభాగంలో బుర్జూయ ఆత్మకథ ఒకటి ఉంది. అందులో ఆ వైద్యుడు ధనం, కీర్తి, భోగం, పరలోకఫలం అన్న నాలుగింటినీ తూచి చూస్తాడు. రోగికి పూర్తి స్వస్థత ఇచ్చే మందు లేదని, బాధ తిరిగి తిరిగి వస్తుందని గ్రహిస్తాడు. ఏ మతస్థుణ్ణి అడిగినా తనదే సత్యమని, మిగిలినవి అసత్యమని చెప్పడం చూస్తాడు. తండ్రులు నమ్మారు కనుక నేనూ నమ్ముతాను అని సరిపెట్టుకోబోయి, ఆ సాకు నిలవదని తెలుసుకొంటాడు. అన్ని మతాలూ మంచివని ఒప్పుకొనే పనుల మీద, అంటే హింస, దొంగతనం, అబద్ధం, పరనింద విడిచిపెట్టడం మీద నిలబడతాడు. మనిషి బతుకును బావిలో వేలాడేవాడితో పోలుస్తాడు: కింద సర్పం, పైన కొమ్మను కొరికే తెల్ల ఎలుక, నల్ల ఎలుక, నోటికి అందే తేనెచుక్క. రాత్రింబవళ్లు ఆయువును కొరుకుతున్నా తేనె రుచిలో మునిగిన మనిషికి భయం గుర్తుండదు. ఈ ఉపమానం మహాభారతంలో, జైన గ్రంథాల్లో, చీనా భాషలో నిలిచిన బౌద్ధ గ్రంథాల్లో కూడా ఉంది.

ఈ ఆత్మకథ బుర్జూయదేనా అన్న వివాదం పాతది. ఇబ్న్ అల్ ముఖఫ్ఫాయే దానిని చేర్చి, పాఠకుల మనస్సులో సందేహం రేపాలని చూశాడని అల్ బిరూనీ ఆరోపించాడు. ఎవరు రాసినా, ఆ పుటలు చదివే నవబౌద్ధుడికి అది పరాయి గొంతుగా వినిపించదు. పుట్టుకతో వచ్చిన దానిని పరీక్షకు పెట్టి, ఆచరణలో నిగ్గుతేలిన దానినే స్వీకరించాలన్న బోధ కాలామ సుత్తం ద్వారా మనకు అందినదే.

మన కర్తవ్యం

తరతరాలుగా చరిత్ర నుండి తొలగించబడినవారికి, చరిత్రలో తమ చోటు తాము అడిగే హక్కు ఉంది. ఆ అడగటంలో పదును ఉండాలి, సాక్ష్యమూ ఉండాలి. పంచతంత్రమంతా మాదే అని ఒక వేదిక మీద చప్పట్ల కోసం అంటే, మరుసటి రోజు ఒక విద్యార్థి ఎడ్గర్టన్ పేరు చెప్పి ఆ మాటను పడగొట్టగలడు. దానితోపాటు భార్హుత్ సాక్ష్యాన్ని కూడా వినేవారు అనుమానిస్తారు. లటువ జాతక శిల్పాన్ని చూపి, మా పూర్వ ఉపాసకులు ఈ కథను ఈ కాలానికి ఈ రాతి మీద నిలిపారు అంటే, ఆ మాటను కాదనగలవారు లేరు. తక్కువ చెప్పి నిలబెట్టుకోవడమే చరిత్రలో బలం.

అలాగే ఈ కథలను కాపాడినవారి పట్ల కృతజ్ఞత కూడా ధర్మంలో భాగమే. జరతుష్ట్ర మతం రాజమతంగా ఉన్న దేశపు వైద్యుడు, సిరియా క్రైస్తవుడు, ఇస్లాం స్వీకరించిన పారశీకుడు, విహారపు వారసులైన మంత్రులు, జైనముని, మొగలు ఆస్థానపు లేఖకులు - వీరిలో ఏ ఒక్కరూ చేయి వెనక్కు తీసుకొన్నా పరంపరలో ఒక ముడి తెగిపోయేది. నేడు మతం పేరుతో ఫారసీని, అరబ్బీని పరాయి భాషలుగా చూడటం నేర్పుతున్నారు. ఆ భాషల కాగితం మీద మన దేశపు తాబేలు, కొంగ, నక్క భద్రంగా ఉన్నాయని మన పిల్లలకు చెప్పడం అవసరం.

అందుకు మేము ఒక చిన్న పని సూచిస్తున్నాం. మన ధమ్మ తరగతుల్లో ఒక వారం సంధిభేద జాతకాన్ని, రెండో వారం నీతిచంద్రికలోని మిత్రభేదాన్ని, మూడో వారం దిమ్నా విచారణను పిల్లల చేత చదివించాలి. నక్కకు ఏ ముగింపు న్యాయమో, ఎందుకో వారినే చెప్పనివ్వాలి. వీలున్నవారు హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంకు వారిని తీసుకువెళ్లి, అక్కడి ఫారసీ రాతప్రతుల ముందు కాసేపు నిలబెట్టాలి. ఆ రాత చదవలేకపోయినా, ఒక లేఖకుడు ఒక్క పుట కోసం ఎంత ఓర్పు చూపాడో వారి కంటికి కనిపిస్తుంది. పరాయి భాషలో, పరాయి లిపిలో ఉన్న మాటను కూడా గౌరవంగా చూసే అలవాటు చిన్ననాడే పడితే, తమ మాటకు అదే గౌరవం అడగటానికి వారికి తగిన అధికారం ఉంటుంది.